సెంట్రల్ సక్షన్ ప్లాంటు కొంటున్న ఆసుపత్రులకు హెచ్చరిక: డబ్బు కట్టే ముందు ప్యానెల్ తలుపు తెరిపించండి

అమలాపురం వైపు ఉన్న మా ఆసుపత్రికి, వార్డులకూ ఆపరేషన్ గదికీ పైపుల ద్వారా సక్షన్ అందించే వ్యాక్యూమ్ ప్లాంటు కొన్నప్పుడు ఎదురైన అనుభవాన్ని, అదే కొనుగోలుకు సిద్ధమవుతున్న తోటి యాజమాన్యాల కోసం రాస్తున్నాను. సరఫరాదారు పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు అంటగట్టేవారు ఇంకా ఉండవచ్చు గనుక పేరు కంటే లోపం ఎక్కడుందో తెలియడమే అవసరం.

కొటేషన్‌లో "డ్యూప్లెక్స్, ఫుల్లీ ఆటోమేటిక్" అని ఉంది, అంటే రెండు పంపులు, ఒకటి ఆగితే రెండోది దానంతట అదే అందుకోవాలి. పంపులు రెండూ ఆయిల్‌తో నడిచే రోటరీ వేన్ (లోపల తిరిగే పలకలతో గాలిని లాగే) రకం, పేరున్న కంపెనీవి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కక్కుర్తి అంతా ఆ పంపులను నడిపే కరెంటు ప్యానెల్లో జరిగింది. రిసీవర్ ట్యాంకులో వ్యాక్యూమ్ ఒక హద్దుకు, ఉదాహరణకు పాదరసం లెక్కన 450 మిల్లీమీటర్లకు, తగ్గగానే మొదటి పంపు అందుకొని 600 దాకా లాగి ఆగాలి. వాడకం పెరిగి అది చాలకపోయినా, మొరాయించినా, మరికొంత దిగువ హద్దు దగ్గర రెండోది దానంతట అదే మొదలవ్వాలి. ముందుగా నడిచే వంతు రెండింటి మధ్య మారుతూ ఉండాలి. ఇది జరగాలంటే ఒక్కో పంపుకు వ్యాక్యూమ్ స్విచ్ (వ్యాక్యూమ్ హద్దును బట్టి పంపును నడిపి ఆపేది), కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపేది), ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం మించితే ఆపేది), కంట్రోల్ ఫ్యూజు విడివిడిగా ఉండాలి. మాకు వచ్చిన ప్యానెల్లో రెండు పంపులకూ కలిపి ఒకే వ్యాక్యూమ్ స్విచ్, ఒకే కంట్రోల్ ఫ్యూజు ఉన్నాయి. ఆ ఫ్యూజు పోతే రెండు పంపులూ ఒకేసారి ఆగిపోతాయి. రెండింటి ధర పుచ్చుకొని ఒకదాని భరోసా అమ్మారన్నమాట. తలుపు మీద, వ్యాక్యూమ్ తగ్గిందని తెలిపే "లో వ్యాక్యూమ్" అలారం దీపం కూడా ఉంది, కాని దాని వెనుక వైరు లేదు.

ఇంతటి లోపం వెంటనే బయటపడకపోవడానికి కారణం ఆటో, మాన్యువల్ పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకునే సెలెక్టర్ స్విచ్. ఆటోలో పెడితే సరిగా నడవకపోవడంతో, బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ మొదటి పంపును మాన్యువల్‌లో పెట్టి, ఆ మాట ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. మాన్యువల్‌లో పంపు ఆగకుండా తిరుగుతుంది గనుక గేజి ఎప్పుడు చూసినా నిండుగానే కనిపిస్తుంది, వార్డులో సిస్టర్లకు సక్షన్ బాగానే అందుతుంది, ఎవరికీ అనుమానం రాదు. చివరికి, పంపు నడిచిన గంటలు చూపే అవర్ మీటర్లు పక్కపక్కన చదివినప్పుడే ఒక పంపు రాత్రింబవళ్లు అరిగిపోతోందనీ, రెండోది దాదాపు తిరగనే లేదనీ తేలింది.

అసలు దెబ్బ ఒక గాలివాన తరువాత తగిలింది. తెగిన లైను కలిపి కరెంటు ఇచ్చేసరికి ఫేజులు తారుమారయ్యాయి. త్రీఫేజ్ మోటారుకు ఏ రెండు ఫేజులు అటుదిటైనా అది ఎదురు తిరుగుతుందని రొయ్యల చెరువు మీద ఏరియేటర్లు నడిపే ప్రతి రైతుకూ తెలుసు. వేన్ పంపు ఎదురు తిరిగితే లాగదు. వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు కూడా సరిగా లేకపోతే ఆయిల్‌ను లైను వైపే నెట్టవచ్చు. ఫేజుల వరుసను గమనించే ఫేజ్ సీక్వెన్స్ రిలే ఉంటే మోటారును మొదలే కానివ్వదు. ప్లాంటు మొత్తం ధరలో దాని ఖరీదు లెక్కలోకి రాదు, అయినా మా ప్యానెల్లో పెట్టలేదు. మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది, గేజి పడిపోతోంది, అలారం మోగలేదు. ఆపరేషన్ గదిలో పాత సక్షన్ మిషన్‌ను తీసివేయకుండా ఉంచినందువల్ల రోగికి ఇబ్బంది కలగలేదు. ఫేజు మారడం కరెంటువాళ్ల తప్పు కాబట్టి వారంటీ వర్తించదని సరఫరాదారు సమాధానం. తుపానులకు స్తంభాలు ఒరిగే ప్రాంతానికి సరుకు అమ్మి ఈ మాట అనడానికి చాలా నిబ్బరం కావాలి.

మన డెల్టా గాలిలోని తేమ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. పంపులోకి వెళ్లిన తేమ నీరుగా మారి ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ పాల టీలా తెల్లబడి, వేన్లకు అందవలసిన జిడ్డుదనం పోతుంది. ఆ ఆవిరి నీరు కాకముందే బయటకు పోయేలా కొద్దిగా గాలిని లోపలికి వదిలే గ్యాస్ బ్యాలస్ట్ వాల్వు పంపుకు ఉంది, కాని దాన్ని మూసి బిగించి ఇచ్చారు. ఆసుపత్రి గ్యాసు, వ్యాక్యూమ్ పైపులైన్లకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 7396-1 రెండు బ్యాక్టీరియా ఫిల్టర్లను సమాంతరంగా పెట్టమంటుంది. మాకు ఇచ్చింది ఒక్కటే, కాబట్టి దాన్ని మార్చాలంటే ప్లాంటే ఆపాలి.

ప్యానెల్‌ను చివరకు రాజమహేంద్రవరంలో కొత్తగా చేయించుకున్నాము; పాతదాని డబ్బు ఇంతవరకు వెనక్కి రాలేదు. మీరు కొంటున్నట్లయితే సర్క్యూట్ డ్రాయింగును ఆర్డరుకు ముందే అడిగి తీసుకొని, మీ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కొంత సొమ్మును పరీక్షల తరువాతే ఇస్తామని ఆర్డరులోనే రాయించండి. ఆ పరీక్షలు మీ ఎదుటే జరగాలి: సెలెక్టర్ ఆటోలో ఉండగా నడుస్తున్న పంపు బ్రేకరు దించితే రెండోది అందుకోవాలి, రెండింటినీ ఆపి ఒక అవుట్‌లెట్ తెరిచి ఉంచితే, గేజి పడుతూ అలారం హద్దు దాటగానే ప్యానెల్ దగ్గరే కాక సిస్టర్ల టేబుల్ దగ్గర కూడా మోగాలి, ఎలక్ట్రీషియన్ చేత సరఫరా ఆపించి రెండు ఫేజులు మార్పించి చూస్తే మోటారు కదలకూడదు. జనరేటరు మీద కూడా ఇవన్నీ మళ్లీ చేయించండి, ఎందుకంటే దాని ఫేజుల వరుస మెయిన్ లైను వరుసకు భిన్నంగా బిగించి ఉండవచ్చు.