అట్రోపినా, పామా? పురుగుమందు తాగినవారికి ఏది మేలు

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల క్యాజువాలిటీలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చేవారి వెంట ఉన్నవాళ్లు "మందు తాగిండు సార్" అన్నప్పుడు, ముందుగా తేల్చుకోవలసింది ఏ మందు అన్న సంగతి. జబ్బు నయం చేసేదీ మందే, మత్తెక్కించేదీ మందే, పత్తిచేనుకు కొట్టేదీ మందే. చేనుకు కొట్టేదే అయి, అందులోనూ ఆర్గానోఫాస్ఫేటు జాతిదైతే, రెండు విరుగుళ్ల పేర్లు వినిపిస్తాయి. ఒకటి అట్రోపిన్, రెండోది ప్రాలిడాక్సిమ్. ఈ రెండోదాన్ని వార్డుల్లోనూ మందుల దుకాణాల్లోనూ పామ్ అనే పిలుస్తారు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు అట్రోపిన్ వైపే. అయితే పామ్‌ను పూర్తిగా తోసిపుచ్చడానికీ మనసొప్పదు.

విషం చేసే పనిని చెరువుతో పోల్చుకోవచ్చు. నరాల చివర ఊరే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఒక ఎంజైము ఎప్పటికప్పుడు విరగ్గొట్టి, చెరువుకు అలుగులా పనిచేస్తుంది. ఆర్గానోఫాస్ఫేటు ఆ అలుగును మూసేస్తుంది. నీరు పెరిగి ఊరి మీద పడినట్టు నోట నురగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల నిండా స్రావం, సూదిమొనంత కంటిపాప, మందగించిన నాడి కనిపిస్తాయి. అట్రోపిన్ అలుగు తెరవదు. ఇళ్లలోకి నీరు రాకుండా గుమ్మాలకు అడ్డుకట్ట వేస్తుంది. పామ్ అలుగులో పడ్డ పూడికను తవ్వి తీయడానికి ప్రయత్నిస్తుంది. ఇంతవరకు వింటే పామే అసలైన విరుగుడనిపిస్తుంది, పుస్తకం మాత్రమే చదివిన రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను.

అట్రోపిన్ బలం ఏమిటంటే దాని ఫలితం కళ్లముందే కనిపిస్తుంది. మన దగ్గర మామూలుగా దొరికే ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. మొదట 5 ఆంప్యూళ్లు ఇచ్చి, 5 నిమిషాల తర్వాత చూసి, మెరుగు లేకపోతే 10, ఆపైన 20, ఆపైన 40 ఇస్తూ పోతే 15 నిమిషాలు తిరిగేసరికి 75 గాజు మెడలు విరిచి ఉంటాం. ప్రతిసారీ స్టెతస్కోపు పెట్టి ఛాతీలో గురగుర తగ్గిందా అని వినాలి, చంకలో చెయ్యి పెట్టి చెమట ఆరిందా అని చూడాలి, నాడి 80 దాటిందా, పై రక్తపోటు 80కి మించి ఉందా అని లెక్కించాలి. ఇవన్నీ కుదిరాక అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో 10 నుంచి 20 శాతాన్ని గంటకు చొప్పున సెలైన్‌లో ఎక్కిస్తారు. 2012లో ప్రచురితమైన బంగ్లాదేశ్ పరీక్షలో 156 మందిని రెండు జట్లు చేసి చూస్తే, పాత పద్ధతిలో విడివిడిగా ఇంజెక్షన్లు ఇచ్చిన జట్టులో 22.5 శాతం మంది, ఇలా వేగంగా పెంచి తర్వాత ఎక్కించిన జట్టులో 8 శాతం మంది చనిపోయారు. అంటే ఏ మందు అన్నది ఎంత ముఖ్యమో, అదే మందును ఎలా ఇస్తున్నారన్నదీ అంతే ముఖ్యం.

దీనికీ హద్దుంది. మోతాదు మించితే రోగి ఉమ్మెత్తకాయ తిన్నవాడిలా గాలిలో ఏవో ఏరుకుంటూ, అర్థం లేని మాటలు మాట్లాడతాడు. ఈ పోలిక ఊరికే చెప్పింది కాదు, ఉమ్మెత్తలో ఉన్నదీ ఈ జాతి రసాయనమే. చెమట ఆగిపోతుంది కనుక, ఫ్యాన్ కూడా వేడిగాలే విసిరే మే నెల వార్డులో జ్వరం సులువుగా ఎక్కుతుంది. అప్పుడు కాసేపు ఆపి, తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక పామ్ విషయానికొస్తే, దాని చిక్కు కాలంతో. అలుగులో పడ్డ బురద ఎండి రాయైపోయినట్టు, విషం అంటుకున్న ఎంజైము కొంతసేపటికి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత పామ్ దాన్ని కదిలించలేదు. మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్ వంటి డైమిథైల్ రకాల్లో సగం ఎంజైము బిగుసుకోవడానికి సుమారు 3.7 గంటలు చాలు. క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటి డైఇథైల్ రకాల్లో అది 30 గంటలకు పైమాటే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక గంట, మండలంలో ఒక గంట, జిల్లా కేంద్రంలో రెండు గంటలు గడిపి హైదరాబాదు చేరిన డైమిథోయేట్ రోగికి పామ్ వల్ల దక్కేది తక్కువే.

పరీక్షలూ ఒకే మాట చెప్పలేదు. 2006లో వెలువడిన బారామతి పరీక్షలో 200 మందికి పామ్ ఇచ్చి చూస్తే, 48 గంటలపాటు ఆపకుండా ఎక్కించిన జట్టులో 1 శాతం, గంటల వ్యవధిలో ఇచ్చిన జట్టులో 8 శాతం మరణించారు. 2009 నాటి శ్రీలంక పరీక్షలో 235 మందిలో పామ్ అందుకున్నవారిలో 24.8 శాతం, అందుకోనివారిలో 15.8 శాతం మరణించారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చని గణాంకాలు అన్నా, మేలు జరిగిందని మాత్రం అనలేకపోయాయి.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో చూసిన దృశ్యం నన్ను ఇప్పటికీ వదలదు. పామ్ తెమ్మని చీటీ రాసిస్తే రోగి తమ్ముడు అప్పు చేసి కోఠీలో దుకాణాలన్నీ తిరిగి వచ్చాడు. ఈలోగా లోపల అరగంటకు రెండేసి ఆంప్యూళ్ల అట్రోపిన్ మాత్రమే నడిచింది, ఛాతీ గురగుర అలాగే ఉంది. ఖరీదైన మందు చేతికి వచ్చేలోపు చవకైన మందును చాలినంత ఇవ్వలేదన్నది నా ఫిర్యాదు. ఊపిరితిత్తులు తేటపడ్డాక, డైఇథైల్ రకమని తెలిసి, రోగి త్వరగా చేరుంటే, పామ్‌ను అట్రోపిన్‌కు తోడుగా నెమ్మదిగా ఎక్కించమంటాను. అట్రోపిన్ లేకుండా పామ్ ఒక్కటే అన్న ఆలోచనే వద్దు. కార్బమేటు అనే మరో పురుగుమందుల జాతిలో ఎంజైము తనంతట తానే తేరుకుంటుంది కనుక పామ్ అక్కరలేదు. గడ్డిమందు పారాక్వాట్‌కు ఈ రెండూ పనికిరావు.

రెండు మందులూ ఆపలేని గండం మరొకటుంది. అట్రోపిన్ అడ్డుకట్ట కండరాలదాకా పోదు. నురగ ఆగి, కళ్లు తెరిచి, ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్న రెండో రోజో మూడో రోజో మెడ, శ్వాస కండరాలు సడలిపోతాయి. అందుకే రోజుకు ఎన్నోసార్లు "తమ్మీ, తలగడ మీంచి తల లేపు" అని అడుగుతాం. లేపలేకపోతే వెంటిలేటర్ సిద్ధం చేయాలి. మంచం ఉందా, వెంటిలేటర్ ఖాళీగా ఉందా అన్నది పామ్ దొరికిందా అన్నదానికంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఇంటి దగ్గర ఉప్పునీళ్లు, చింతపండు రసం తాగించి వాంతి చేయించడం ఈ పోలికలోకి కూడా రాదు. మత్తులో ఉన్నవాడి ఊపిరితిత్తుల్లోకి అది పోతే అట్రోపిన్ కూడా ఏమీ చేయలేదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిసిన బట్టలు విప్పి, 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. బతికి బయటపడ్డవారితో మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 ఉంది. వచ్చేటప్పుడు ఆ మందు డబ్బాను కవర్లో కట్టి తీసుకురావాలి. అది డైమిథైలా, డైఇథైలా అన్నది మాకు తెలిసేది దాని మీది పేరుతోనే, పైగా విరుగుడు ఏదో ఆ డబ్బాకు అంటించిన చీటీ మీదే అచ్చువేసి ఉంటుంది.