రెండేళ్ల కిందట కొన్న పెద్ద ఐస్ ట్రే, అందులోకి వచ్చిన వెల్లుల్లి వాసన

ఫ్రిజ్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ ట్రేని మెలితిప్పితే రాలిన నాలుగు ముక్కలు పెగ్ మీద వేసుకుని తాగడమే నాకు చాలా ఏళ్లు తెలిసిన పద్ధతి. పది నిమిషాలకి గ్లాసులో మిగిలేది లేత టీ రంగు నీళ్లు. విస్కీ బాగాలేదేమో అనుకుని ఇంకొంచెం ఖరీదైన సీసా కొనేవాడిని, అదీ అలాగే అయ్యేది. రెండేళ్ల కిందట నాలుగు వందలు పెట్టి ఆరు గళ్ల సిలికాన్ ట్రే కొన్నాను, ఒక్కో ముక్క రెండంగుళాలు. ఆ శనివారం నాకు ఇప్పటికీ గుర్తుంది. అరగంట తర్వాత కూడా గ్లాసులో విస్కీ విస్కీలాగే ఉంది.

రెండంగుళాల ముక్క ఒక్కటి, అంగుళం ముక్కలు ఎనిమిది తీసుకుంటే బరువు ఒకటే, కానీ ఆ ఎనిమిదింటికీ విస్కీ తగిలే పైభాగం సరిగ్గా రెట్టింపు. అందుకే చిన్నవి అంత తొందరగా కరిగిపోతాయి. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లూ తట్టలేదు.

ఆ ట్రే వల్లే కాక్‌టెయిల్స్ జోలికి వెళ్లాను. బయట ఏడెనిమిది వందలు పెట్టి తాగే ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్‌లో ఉండేది 60 మి.లీ. విస్కీ, ఒక టీస్పూన్ పంచదార పాకం, రెండు విదిలింపులు ఆంగోస్తురా బిట్టర్స్, కమలా తొక్క, అంతే. బిట్టర్స్ అంటే చుక్కల లెక్కన వేసుకునే చేదు ద్రవం, సీసా కన్నా లేబుల్ పెద్దదిగా కనిపిస్తుందే, అది. 1824లో వెనిజులాలో ఒక జర్మన్ డాక్టర్ కడుపు బాధలకి మందుగా చేశాడట, ఇప్పుడు ట్రినిడాడ్‌లో తయారవుతుంది. ఒక్క సీసా కొంటే నాలాంటి వాడికి ఏళ్లు వస్తుంది. కమలాలు దొరకని రోజుల్లో బత్తాయి వాడతాను, హైదరాబాద్‌లో బత్తాయికి కరువేం లేదు. లోపలి తెల్లటి పొర రాకుండా బొటనవేలంత తొక్క చాకుతో గీసి, పచ్చ వైపు కిందికి పెట్టి గ్లాసు మీద మడిచి నొక్కాలి. సన్నటి తుంపర ఆ పెద్ద ఐస్ ముక్క మీద పడి మెరుస్తుంది, గ్లాసు నోటి దగ్గరికి రాకముందే వాసన వచ్చేస్తుంది. నాకైతే సగం ఆనందం అక్కడే.

ఇక పోయిన వేసవిలో జరిగింది చెప్పాలి. అమ్మ వచ్చి నెల రోజులు ఉంది. వెళ్లేముందు మాకు ఇబ్బంది లేకుండా బోలెడంత అల్లం వెల్లుల్లి ముద్ద నూరి, నా ట్రేలో నింపి ఫ్రీజర్‌లో పెట్టేసింది. "ఒక్కో ముక్క ఒక్కో కూరకి సరిపోతుంది రా" అంది. ముక్కలు గట్టిపడ్డాక డబ్బాలో వేసి, ట్రే శుభ్రంగా తోమి ఆరబెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్లింది. ఆ ట్రే దేనికో అమ్మకి నేను చెప్పలేదు, అందుకని ఆవిడని ఒక్క మాట అనడానికి లేదు.

ఆ వారమే బావ రాజమండ్రి నుంచి వచ్చాడు. తను వస్తే తీద్దామని అమృత్ ఫ్యూజన్ అనే విస్కీ దాచి ఉంచాను. బెంగళూరుది, మన బార్లీతో పాటు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పొగ వాసన బార్లీ కలిపి చేస్తారు, 50 శాతం ఆల్కహాల్. స్కాట్లాండ్‌లో విస్కీ నిల్వ ఉంచే పీపాల్లోంచి ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైపోతే బెంగళూరు వేడికి పదో వంతు దాకా పోతుంది, అయినా అంత రుచి మిగులుతుందంటే నాకు ఆ సీసా మీద గౌరవం. రెండు గ్లాసుల్లో రెండు పెద్ద ముక్కలు వేసి పోశాను. బావ ఒక గుక్క తాగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ వాసన చూశాడు. "బావా, ఏమీ అనుకోకు, ఇందులో వెల్లుల్లి వాసన వస్తోంది" అన్నాడు. నేనూ తాగి చూశాను. మొదట ఆ పొగ, తేనె, వెనకాలే పచ్చి వెల్లుల్లి. ముక్క కరిగేకొద్దీ వాసన పెరిగింది. మంచి విస్కీ, రెండు పెగ్గులు సింక్‌లో పోశాను. నిజంగా బాధేసింది.

సిలికాన్ నూనె వాసనల్ని లోపలికి పీల్చుకుంటుంది, సబ్బుతో తోమితే పోదు. వంటసోడా వేసిన నీళ్లలో రెండుసార్లు మరిగించాను, మూడు రోజులు మేడ మీద ఎండలో పెట్టాను, చివరికి ఓవెన్‌లో గంటసేపు వేడి చేశాను. అన్నిటికన్నా ఓవెనే బాగా పనిచేసింది, కానీ పూర్తిగా పోలేదు.

ట్రే పక్కన పడేశాక ఇంకో దారి దొరికింది. కాంపర్ ఇంగ్లిష్ అనే అమెరికన్ రచయిత 2009లో రాసిన పద్ధతి. పిక్నిక్‌లకి తీసుకెళ్లే మందపాటి గోడల చిన్న ఐస్ బాక్స్‌లో నీళ్లు పోసి, మూత తీసేసి ఫ్రీజర్‌లో పెట్టడమే. గోడల నుంచి చలి తగలదు కాబట్టి పై నుంచి కిందికే గడ్డ కడుతుంది, గాలి బుడగలన్నీ అడుక్కి నెట్టుకుపోతాయి. అడుగు గట్టిపడకముందే, నా ఫ్రీజర్‌లో అయితే ఇరవై గంటలకి, తీసేస్తే అద్దంలాంటి దిమ్మ వస్తుంది. పళ్ల చాకుతో గాటు పెట్టి, చాకు వీపు మీద చపాతీ కర్రతో తడితే గీత గీసినట్టు విడిపోతుంది. మొదటిసారి ఆ ముక్కలోంచి నా వేళ్లు కనిపిస్తుంటే ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ట్రేలో అన్ని వైపుల నుంచీ గడ్డకట్టడం వల్ల మధ్యలో ఎప్పుడూ తెల్లటి మబ్బు ఉండేది, దాన్ని నేను అంతకుముందు పట్టించుకోలేదు.

పెద్ద ముక్క ఉంటే చాలని మొదట్లో స్నేహితులందరికీ చెప్పాను, అది కూడా పూర్తిగా నిజం కాదు. విస్కీ సోర్ అనే కాక్‌టెయిల్‌కి నిమ్మరసం, పాకం, విస్కీ వేసి గట్టిగా కుదపాలి, దానికి పాత చిన్న ముక్కలే నయం, ఆ కాస్త నీరు కలవకపోతే పులుపు గొంతులో పట్టుకుంటుంది. 50 శాతం సీసాకి పెద్ద ముక్క బాగా కుదురుతుంది, మామూలు 42.8 శాతం వాటితో మాత్రం మే నెలలో అరగంట దాటితే పలచబడుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే విస్కీ పోస్తే టప్‌మని పగులుతుంది, రెండు మూడు నిమిషాలు బయట ఉంచాలి.

నేను శనివారం ఒకటి, మహా అయితే రెండు గ్లాసులు తాగేవాడిని, అందుకే దిమ్మ కోసుకునే తీరిక ఉంది. ఇంటికి పదిమంది వచ్చేవాళ్లకి, ఐస్ బాక్స్ పట్టని సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకి ట్రేనే మేలు. కొంటే జిప్ కవర్లో పెట్టి ఉంచండి, దేనికో ఇంట్లో చెప్పండి. నా పాత ట్రే అమ్మకి ఇచ్చేశాను. ఒక్క ముక్క వేస్తే కిలో చికెన్‌కి సరిగ్గా సరిపోతోందట, ఇంకొకటి పంపమంది.