ప్రొద్దుటూరు ఎండలో మిల్లీగ్రాము కాటా: మూడేళ్ల తర్వాత

మూడేళ్ల కిందట ఈ కాటా కొన్న కొత్తలో, ఎయిర్ రైఫిల్‌లో పెట్టే సీసపు గుళ్లను (పెల్లెట్లను) తూచి కాలిస్తే స్కోరు పెరుగుతుందని, తెలిసినవాళ్లందరికీ కొనమని చెప్పింది నేనే. నా మాట విని ముగ్గురు కొన్నారు కూడా. అప్పుడు చెప్పినదాంట్లో కొంత ఇప్పుడు సరిదిద్దాలి.

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటర్. బయటి దేశాల్లో పెద్ద రైఫిళ్లు వాడేవాళ్లు ఇంట్లోనే తూటాల్లో మందు తూచి నింపుకుంటారు. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. అయినా ఎయిర్ రైఫిల్‌కు మందుతో పనే లేదు, గాలి ఒత్తిడే దాని బలం. ఇంట్లో కూర్చుని మనం చక్కబెట్టుకోగలిగింది సీసపు పెల్లెట్లను ఏరుకోవడం ఒక్కటే. అర గ్రాము పైచిలుకు బరువుండే ఆ పెల్లెట్లను ఒక్కొక్కటిగా తూచి, ఒకే బరువున్నవి ఒకచోట పెడదామని ఈ కాటా తెప్పించాను. 20 గ్రాముల దాకా తూగుతుంది, మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది, చొక్కా జేబులో పడుతుంది. ఈ ధరకు అంతకంటే ఏం కావాలి అనుకున్నా.

దీని మీద నా కోపమంతా ఒక్క విషయానికే. అంకె నిలవదు. పెట్టిన పెల్లెట్ పెట్టినట్టే ఉంటుంది, అంకె మాత్రం మెల్లగా జరిగిపోతుంది. ఒక్కసారిగా ఎగిరితే మనకూ తెలుస్తుంది. ఇది గంటకు రెండు మూడు మిల్లీగ్రాములు, ఎవరికీ అనుమానం రానంత నెమ్మదిగా జరుగుతుంది.

పోయినేడాది ఏప్రిల్‌లో అమ్మాయికి రాష్ట్ర స్థాయి పోటీ ఉండింది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు, రాత్రి 9 గంటలకు కొత్త డబ్బా తెరిచి కూర్చున్నా. వరుసగా ఐదు స్టీలు గిన్నెలు పెట్టి, వాటి మీద వరుసగా 524 నుంచి 536 మిల్లీగ్రాముల దాకా అంకెలు రాసి అంటించాను. మన ఏప్రిల్ సంగతి తెలిసిందే కదా, గోడలు రాత్రికీ చల్లారవు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నిమిషం సేపు ఏమీ పెట్టకపోతే కాటా దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసి, జీరో నొక్కి మొదలుపెట్టాలి. అందుకే మధ్యలో ఆగకుండా తూస్తూ పోయా. పన్నెండున్నరకు 500 పెల్లెట్లూ అయిపోయాయి. నడుము పట్టేసినా, పని అయిందన్న తృప్తితో పడుకున్నా.

పొద్దున అమ్మాయి ఉగ్గాని తింటూ వచ్చి, 530 గిన్నెలోంచి ఒకటి తీసి కాటా మీద పెట్టింది.

"నాయనా, ఇది 530 అన్నావు కదా, 523 చూపిస్తోందే."

ముందు ఆమె చేతులు కడుక్కోమని పంపించా. అది సీసం. తినే చేత్తో ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పానో. ఆ తర్వాత నేను పెట్టి చూశా. 523. ఇంకోటి పెడితే 524. 536 గిన్నెలోవి కూడా అక్కడే తిరుగుతున్నాయి. ఒక్క 524 గిన్నె తప్ప ఏ గిన్నెలోదీ దాని చీటీకి సరిపోలేదు. గుండె జారిపోయింది. ప్రయాణానికి ఒక్క రోజే ఉంది.

మా పక్క సందులో బంగారు పనిచేసే ఆచారి ఉన్నాడు. అమ్మాయికి ఆయన తాత వరస. గిన్నెలన్నీ సంచిలో వేసుకుని ఆయన దగ్గరికే పోయా. నేను విషయం చెప్పడం పూర్తికాకముందే, "ఫ్యాను ఆపినావా? ముందు అది చెప్పు సామీ" అన్నాడు. ఆయన కాటా అద్దాల పెట్టెలో ఉంటుంది, కింద నాపరాయి బండ. తూచే ముందు అరగంట ఆన్ చేసి వదిలేస్తాడట. శ్రావణంతో పెల్లెట్ పట్టుకుని పెట్టి, అద్దం తలుపు మూసి, అంకె ఆగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో గిన్నెలోంచి పదేసి తూచాడు. 524 గిన్నెలోవీ 536 గిన్నెలోవీ ఒకటే. అన్నీ 528 నుంచి 532 లోపే.

అప్పుడు అర్థమైంది నాకు. రాత్రి నేను పెల్లెట్లను బరువును బట్టి వేరుచేయలేదు, గడియారాన్ని బట్టి చేశాను. 9 గంటలకు తూచినవి తేలికవాటి గిన్నెలోకి, అర్ధరాత్రి తూచినవి బరువువాటి గిన్నెలోకి పోయాయి. మూడున్నర గంటలు నేను కొలిచింది కాటా వేడెక్కడాన్నే.

పోటీలో అమ్మాయి డబ్బాలోవి కలిపేసి అలాగే కాల్చింది. 60 షాట్లకు 611.4 వచ్చింది. అప్పటికి అదే ఆమెకు అత్యధికం.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నా. పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పోతుంది. 10 మీటర్లు పోయేలోపు కిందికి దిగేది 17 మిల్లీమీటర్లు. బరువులో 5 మిల్లీగ్రాముల తేడా ఉంటే, ఆ దిగడంలో వచ్చే తేడా మిల్లీమీటరులో ఆరో వంతు. స్కోరులో 0.1 తేడా రావాలంటే పెల్లెట్ లక్ష్యం మీద పావు మిల్లీమీటరు జరగాలి. ఆచారి తూచినప్పుడు మా డబ్బాలో అంత తేడా కూడా లేదు. కాబట్టి "తూచి కాలిస్తే స్కోరు పెరుగుతుంది" అని నేను అందరికీ చెప్పిన మాట, మా అమ్మాయి స్థాయికి నిజం కాదు. అప్పట్లో నిజంగానే పెరిగింది కదా అంటే, తూచేటప్పుడు ప్రతి పెల్లెట్‌నూ కంటి దగ్గర పెట్టి చూసేవాణ్ణి. స్కర్ట్ (పెల్లెట్ వెనక విచ్చుకుని ఉండే పలుచని భాగం) అంచు నొక్కుకుపోయినవి డబ్బాకు ఏడెనిమిది దొరికేవి, అవి పక్కన పడేసేవాణ్ణి. బహుశా మేలు చేసింది అదే. దానికి కాటా అక్కర్లేదు, మంచి వెలుతురు చాలు.

అయినా దీన్ని పారేయలేదు. వాడే పద్ధతి మార్చాను. పొద్దున 6 గంటలకు, ఎండ రాకముందు, ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ఫోను వేరే గదిలో పెట్టి తూస్తాను. అరగంట ముందే ఆన్ చేసి, ఆగిపోకుండా మధ్యమధ్య ఏదో ఒకటి పెడుతుంటా. ఆచారి కాటా మీద 530 తూగిన పెల్లెట్ ఒకటి చిన్న హోమియో సీసాలో దాచాను. ప్రతి పది పెల్లెట్లకూ ఒకసారి దాన్ని పెట్టి చూస్తా. 531 చూపించినా ఆపి, మళ్లీ జీరో చేస్తా. ఇలా చేస్తే ఈ కాటా నమ్మకంగానే పనిచేస్తోంది, కానీ వందకు మించి తూచే ఓపిక ఉండదు.

ఏసీ గది ఉండి, కాస్త తీరిక ఉన్నవాళ్లకు ఇది సరిపోతుందేమో. మా ఇల్లు పడమటి గోడ ఇల్లు, మధ్యాహ్నం మూడు తర్వాత ఏ కాటా పెట్టినా ఇంతేనేమో, ఇంకోటి పెట్టి చూడలేదు. నేను చెప్పగా కొన్న ముగ్గురిలో ఇద్దరికి ఫోన్ చేసి ఫ్యాను సంగతి చెప్పాను. మూడో ఆయన తాడిపత్రిలో ఉంటాడు, ఈ ఆదివారం పోయినప్పుడు ఆ సీసా కూడా పట్టుకుపోయి, ఆయన కాటా మీద ఆ 530 ఎంత చూపిస్తుందో చూడాలి.