విత్‌డ్రాయల్ అడ్రస్ వైట్‌లిస్ట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లలో విత్‌డ్రాయల్ అడ్రస్ వైట్‌లిస్ట్ అనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. సెక్యూరిటీ పేజీలో ఎక్కడో అడుగున ఉండటంతో చాలామంది దాని జోలికే పోరు. ఆన్ చేస్తే, మనం ముందే సేవ్ చేసి ఆమోదించిన అడ్రస్‌లకు తప్ప ఇంకెక్కడికీ కాయిన్లు బయటికి వెళ్లవు. నేను వాడిన ప్రతి ఎక్స్ఛేంజ్‌లోనూ ఖాతా తెరవగానే దీన్ని ఆన్ చేశాను, ఆఫ్ చేసే అవసరం ఇంతవరకూ రాలేదు. దీనికి తోడుగా ఒక హార్డ్‌వేర్ వాలెట్ (కాయిన్ల రహస్య కీని కంప్యూటర్‌కు దూరంగా దాచే చిన్న పరికరం) వాడుతున్నాను. డబ్బు తప్పు అడ్రస్‌కు పోకుండా ఈ రెండూ ఎంతవరకు కాపాడతాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, బ్లాక్‌లో (లావాదేవీలను గుత్తగా నమోదు చేసే కట్టలో) చేరిన లావాదేవీని వెనక్కి తిప్పే బటన్ ఎవరి దగ్గరా ఉండదు. ఎథీరియంలో 12 సెకన్లకో బ్లాక్ వస్తుంది. బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు ఒకటి. బిట్‌కాయిన్‌ను సొంత వాలెట్ నుంచి పంపితే, కన్ఫర్మ్ అయ్యేలోపు ఎక్కువ ఫీజు కట్టి ఆ లావాదేవీ స్థానంలో వేరేది పెట్టే దారి కొంతవరకు ఉంది. ఎక్స్ఛేంజ్ నుంచి విత్‌డ్రా చేసినప్పుడు ఆ తాళం మన చేతిలో ఉండదు.

ఒక అక్షరం తప్పు టైప్ చేస్తే డబ్బు గల్లంతవుతుందని కొత్తవాళ్లు భయపడుతుంటారు. ఆ భయం చాలావరకు అక్కర్లేదు. 1తోనో 3తోనో మొదలయ్యే పాత బిట్‌కాయిన్ అడ్రస్‌ల చివర 4 బైట్ల చెక్‌సమ్ (అడ్రస్‌లో తప్పు దొర్లితే పట్టించే భాగం) ఉంటుంది. పైగా చూడటానికి ఒకేలా ఉండే సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ ఆ అక్షరమాలలోనే లేవు. బీసీ1తో మొదలయ్యే కొత్త రకం అడ్రస్‌లలో నాలుగు అక్షరాల దాకా మారిపోయినా చెక్‌సమ్ తప్పకుండా పట్టేస్తుంది, వాలెట్ పంపనివ్వదు. ఎథీరియం విషయంలో మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండాలి. 2016లో వచ్చిన ఈఐపీ-55 పద్ధతిలో చెక్‌సమ్‌ను పెద్ద, చిన్న అక్షరాల కలయికలో దాచారు. అదే అడ్రస్‌ను మొత్తం చిన్న అక్షరాల్లో ఇస్తే చెక్‌సమ్ పోతుంది, అయినా చాలా వాలెట్లు దాన్ని తీసుకుంటాయి. అందుకే పెద్ద, చిన్న అక్షరాలు కలిసి ఉన్న రూపాన్నే కాపీ చేసుకోవడం నాకు అలవాటైంది.

అసలు ముప్పు టైపింగ్ తప్పు కాదు, లక్షణంగా చెల్లే అడ్రస్ అయి ఉండి మనది కాకపోవడం. ఎథీరియం వాలెట్‌లో స్టేబుల్‌కాయిన్లు (డాలర్ లాంటి కరెన్సీ విలువకు కట్టిన కాయిన్లు) తరచూ పంపేవాళ్లు హిస్టరీని ఓసారి తీరిగ్గా చూడండి. మీరు చేయని లావాదేవీ ఒకటి, సున్నా మొత్తంతో, మధ్యలో కనిపించవచ్చు. అందులోని అడ్రస్ మొదటి నాలుగు అక్షరాలూ చివరి నాలుగు అక్షరాలూ మీరు రోజూ పంపే అడ్రస్‌లాగే ఉంటాయి, మధ్యలోని ముప్పై పైచిలుకు అక్షరాలు వేరు. వాలెట్ స్క్రీన్ ఆ మధ్య భాగాన్ని చుక్కలతో దాచేస్తుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. హిస్టరీలోంచి కాపీ చేస్తారని ఎర వేసి కూర్చునే ఈ పద్ధతిని అడ్రస్ పాయిజనింగ్ అంటారు. 2024 మేలో ఒకరు ఇలాంటి అడ్రస్‌కే 1,155 డబ్ల్యూబీటీసీ (ఎథీరియం మీద తిరిగే బిట్‌కాయిన్ రూపం) పంపేశారు, దాని విలువ దాదాపు 7 కోట్ల డాలర్లు. బేరసారాల తర్వాత ఆ దొంగ చాలావరకు తిరిగి ఇచ్చాడు గానీ, అలా తిరిగి రావడం అరుదు. ఇది కాక, కాపీ చేసిన అడ్రస్‌ను క్లిప్‌బోర్డులోనే మార్చేసే మాల్‌వేర్ ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది.

వైట్‌లిస్ట్ సత్తా ఇక్కడే తెలుస్తుంది. విత్‌డ్రా చేసే ప్రతిసారీ పేస్ట్ చేసే పనే ఉండదు, పేరు చూసి ఎంచుకుంటామంతే. హిస్టరీలో ఎన్ని దొంగ అడ్రస్‌లు చేరినా మనకు పట్టింపు లేదు. చాలా ఎక్స్ఛేంజ్‌లలో కొత్తగా చేర్చిన అడ్రస్‌కు 24 గంటల దాకా పంపనివ్వరు. మార్కెట్ ఊగిపోతున్నప్పుడు ఈ ఆలస్యం చిరాకు తెప్పిస్తుంది, టెన్షన్ కూడా పడ్డాను. కానీ ఎవరైనా నా ఖాతాలోకి చొరబడి తమ అడ్రస్ చేర్చినా, ఈమెయిల్ హెచ్చరిక చూసి అడ్డుకునే సమయం ఆ 24 గంటలే ఇస్తాయి. అందుకే ఈ ఆలస్యాన్ని లోపంగా లెక్కవేయను.

అయితే వైట్‌లిస్ట్‌లోకే తప్పు అడ్రస్ ఎక్కితే? ప్రమాదం పోలేదు, అంతా ఆ ఒక్క క్షణంలోకి వచ్చి చేరింది. హార్డ్‌వేర్ వాలెట్ తోడు కావాల్సింది అప్పుడే. కంప్యూటర్‌లో రిసీవ్ నొక్కగానే అడ్రస్ ఆ పరికరం చిన్న తెర మీద కూడా వస్తుంది. ఎక్స్ఛేంజ్ పేజీలో పేస్ట్ చేసినదాన్ని ఆ తెరతో పోల్చాలి, కంప్యూటర్‌లోని వాలెట్ యాప్‌తో కాదు. యాప్‌ను మాల్‌వేర్ మోసం చేయగలదు. పరికరం తెర మీద అడ్రస్ రెండు మూడు వరుసల్లో విరిగి వస్తుంది. నేను నాలుగేసి అక్షరాలు పైకి చదువుతూ మొదటి నుంచి చివరి దాకా వెళ్తాను. మధ్య భాగాన్ని వదిలేస్తే ఈ పనంతా వృథా. ఒక అడ్రస్‌కు ఒక్కసారే చేస్తాం కాబట్టి ఓపిక కూడదీసుకోవడం కష్టం కాదు.

బిట్‌కాయిన్ వాలెట్ ప్రతిసారీ కొత్త అడ్రస్ చూపిస్తుంది. వైట్‌లిస్ట్ వాడితే ఒకే అడ్రస్‌కు పదే పదే పంపాల్సి వస్తుంది, గోప్యత కొంత తగ్గుతుంది. పాత అడ్రస్ పనిచేయడం మానదు కాబట్టి డబ్బుకు ముప్పు లేదు. గోప్యతే ముఖ్యం అనుకునేవాళ్లకు మాత్రం ఈ పద్ధతి నచ్చకపోవచ్చు.

వైట్‌లిస్ట్ బలహీనత నెట్‌వర్క్ ఎంపిక దగ్గర బయటపడుతుంది. ఎథీరియం, బీఎన్‌బీ స్మార్ట్ చైన్, పాలిగాన్, ఆర్బిట్రమ్, అన్నిటిలో అడ్రస్ రూపం ఒకటే. ట్రాన్ అడ్రస్ టీ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి అక్కడ పొరపాటు వెంటనే తెలుస్తుంది. మిగతావాటి మధ్య తేడాను అడ్రస్ చెప్పదు. నా స్నేహితుడొకడు యూఎస్‌డీటీ అనే స్టేబుల్‌కాయిన్‌ను ఎథీరియం మీద పంపాల్సింది వేరే చైన్ (నెట్‌వర్క్) మీద సొంత వాలెట్‌కు పంపి, బ్యాలెన్స్ సున్నా చూసి హడలిపోయాడు. వాలెట్‌లో ఆ నెట్‌వర్క్‌ను జోడించగానే కాయిన్లు కనిపించాయి. ప్రైవేట్ కీ (కాయిన్లు కదిలించే రహస్య తాళం) అతని దగ్గరే ఉంది కాబట్టి అంత తేలిగ్గా బయటపడ్డాడు. అదే ఇంకో ఎక్స్ఛేంజ్ డిపాజిట్ అడ్రస్‌కు వెళ్లి ఉంటే కీ వాళ్ల చేతిలో ఉండేది. తీసిస్తారా, ఎంత ఫీజు అడుగుతారు అన్నది వాళ్ల ఇష్టం. కొన్ని ఎక్స్ఛేంజ్‌లు సేవ్ చేసేటప్పుడే నెట్‌వర్క్‌ను కూడా అడ్రస్‌తో కలిపి బిగిస్తాయి. నేను ఆ పద్ధతినే ఇష్టపడతాను. అది లేనిచోట పేరులోనే నెట్‌వర్క్ రాసుకుంటాను.

ఎక్స్‌ఆర్‌పీ అనే కాయిన్‌కు డెస్టినేషన్ ట్యాగ్, స్టెల్లార్ నెట్‌వర్క్‌కు మెమో, అంటే అడ్రస్‌తో పాటు ఇవ్వాల్సిన గుర్తు, కూడా ఇలాగే. ఎక్స్ఛేంజ్ ఒకే అడ్రస్‌లో అందరి డబ్బూ తీసుకుంటుంది, ఎవరిదో చెప్పేది ఆ ట్యాగే. వైట్‌లిస్ట్‌లో సేవ్ చేసేటప్పుడు ట్యాగ్ గడి ఖాళీగా ఉన్నా సేవ్ అయిపోయే చోట్లు చూశాను. ఇది డిజైన్ లోపమే. అయితే ట్యాగ్ మర్చిపోయిన డబ్బు సాధారణంగా ఎక్స్ఛేంజ్ అడ్రస్‌కే చేరి ఉంటుంది కాబట్టి, ట్రాన్సాక్షన్ ఐడీతో సపోర్ట్‌కు రాస్తే దొరికే అవకాశం ఉంది.

మొదట చిన్న మొత్తం పంపి చూడమనే సలహా మంచిదే. కానీ ఆ చిన్న మొత్తం వాలెట్‌లోకి వచ్చి, అక్కడి నుంచి తిరిగి బయటికి పంపగలిగానా అన్నది కూడా చూస్తాను. పరీక్ష అయ్యాక అసలు మొత్తానికి అడ్రస్‌ను హిస్టరీలోంచి కాపీ చేస్తే పరీక్షించిన ఫలం దక్కదు. 2024 నాటి ఆ ఘటనలో కూడా ముందు చిన్న మొత్తం పంపి చూశాకే పెద్ద మొత్తం దొంగ అడ్రస్‌కు వెళ్లింది.

ఇప్పటికే తప్పు చోటికి పోయినవాళ్లకు ఒక మాట. ట్రాన్సాక్షన్ ఐడీని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (లావాదేవీలను ఎవరైనా వెతికి చూడగల వెబ్‌సైట్‌లో) పెట్టి, ఆ అడ్రస్ ఎవరిదో తెలుస్తుందేమో చూడండి. ఏదైనా ఎక్స్ఛేంజ్ పేరు కనిపిస్తే వెంటనే వాళ్ల అధికారిక సపోర్ట్‌కు రాయండి. పోయిన కాయిన్లు రాబట్టిస్తామంటూ ఎవరో మెసేజ్ పెడతారు. ముందు ఫీజు కట్టమన్నా, రికవరీ పదాలు (వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు) అడిగినా అది రెండో దోపిడీ, జవాబు కూడా ఇవ్వకండి.

ఇన్నాళ్లు వాడాక ఎక్స్ఛేంజ్‌లను నేను అడిగేది రెండే. కొత్త ఖాతాకు వైట్‌లిస్ట్ మొదటి నుంచే ఆన్‌లో ఉండాలి. చివరి కన్ఫర్మ్ పేజీలో అడ్రస్‌ను చుక్కలతో కుదించకుండా, నెట్‌వర్క్ పేరుతో సహా, మొత్తం చూపించాలి.