కొత్త సీరియలా, కొత్త వెబ్ సిరీసా?

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ రోజూ ఇదే పేచీ. రెండూ చూశాను, రెండూ అంతంతమాత్రమే.

ఖర్చు: సీరియల్‌కి కేబుల్ బిల్లు చాలు. సిరీస్‌కి చందా, దానిమీద నెట్.

సమయం: సీరియల్ రోజుకు అరగంటే, కానీ నెలల తరబడి సాగుతుంది. సిరీస్ ఒక్క ఆదివారంతో సరి.

కథ: నా బాధంతా ఇక్కడే. సీరియల్‌లో అత్త చూసిన ఒక్క చూపుని మూడు వైపుల నుంచి చూపించారు. కోడలి చేతిలో గ్లాసు జారేసరికి ఎపిసోడ్ అయిపోయింది. సిరీస్ మొదటి రెండు భాగాలూ పరిగెత్తింది, తర్వాత చతికిలపడింది. కథ విశాఖలోనే జరుగుతుంది. బీచ్ రోడ్డు, డాల్ఫిన్స్ నోస్ కొండ చక్కగా తీశారు. ఒక్కరి నోటా ఉత్తరాంధ్ర యాస లేదు, అదే మనసుకి కష్టమనిపించింది.

అమ్మానాన్నలతో కలిసి కూర్చునే ఇంటికి సీరియలే నయం. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకి సిరీస్ కుదురుతుంది, ఎప్పుడైనా ఆపి మళ్లీ చూసుకోవచ్చు.