మచ్చను ముందు చూపించిన డాక్టరు: బ్రెస్ట్ లిఫ్ట్ సంప్రదింపుపై సమీక్ష

బ్రెస్ట్ లిఫ్ట్, అంటే జారిన స్తనాలను పైకి సర్దే శస్త్రచికిత్స, నేనింకా చేయించుకోలేదు కనుక ఫలితం గురించి చెప్పే అర్హత నాకు లేదు. దానికి ముందు హైదరాబాద్‌లో రెండు చోట్ల డాక్టర్లను కలిశాను. రెండో చోట గడిపిన ముప్పావు గంట గురించే ఈ సమీక్ష. మొదటి చోటు ప్రస్తావన పోలిక కోసం మాత్రమే.

నాకు 44 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ ఏడాది దాటేవరకు పాలిచ్చాను. స్తనాలు జారిన సంగతి నాకంటే ముందు మా టైలరమ్మకు తెలిసింది. భుజం నుంచి పాయింటు (చనుమొన) వరకు కొలత తీసిన ప్రతిసారీ ఆమె తన పుస్తకంలో పాత అంకె కొట్టేసి కొత్తది వేసుకుంటూ వచ్చింది. పెళ్లప్పటి 10 అంగుళాలు ఇప్పుడు పదకొండున్నర దాటాయి. అందం సంగతి అలా ఉంచితే, వేసవిలో స్తనాల కింద చర్మం చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడటం, పౌడరు, మందు రాసుకుని కాలేజీకి వెళ్లి అయిదు క్లాసులు నిలబడి చెప్పడం నాకు అంతకంటే పెద్ద బాధ. అందం కోసమైనా తప్పేమీ లేదనుకోండి, కానీ ఇంట్లో చెప్పడానికి ఈ కారణమే సులువుగా ఉంది.

మొదట వెళ్లిన క్లినిక్‌లో డాక్టరు కంటే ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి కూర్చోబెట్టింది. మచ్చ కనిపించదని, ఈ వారాంతంలోగా అడ్వాన్సు కడితే తగ్గింపు ఉంటుందని, మిగిలినది నెలవారీ వాయిదాల్లో ఇవ్వవచ్చని చెప్పింది. తర్వాత తన ఫోనులో వేరే స్త్రీల ఫొటోలు చూపించింది. వాటిలో ఒకరి ముఖం స్పష్టంగా ఉంది. రేపు నా ఫొటో ఇంకెవరికో ఇలాగే చూపిస్తారన్న ఆలోచన రాగానే నా మనసు విరిగిపోయింది. ఆ తర్వాత డాక్టరు వచ్చి నాలుగు నిమిషాలు మాట్లాడి వెళ్లారు. ఇంటికొచ్చి వైద్య మండలి రిజిస్టరులో వెతికితే ఆయన పేరు పక్కన ప్లాస్టిక్ సర్జరీ అర్హత ఏదీ కనిపించలేదు. మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే సాధారణంగా సర్జరీలో ఎం.ఎస్. తర్వాత ఎం.సి.హెచ్. అనే పై చదువు గానీ దానితో సమానమైన డి.ఆర్.ఎన్.బి. గానీ చదవాలి. బోర్డు మీద ‘కాస్మెటిక్’ అనే మాట రాసుకోవడానికి అంత చదువు అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది.

రెండో చోట ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. చేసిన డాక్టరమ్మ చూశారు. ఫీజు వెయ్యి రూపాయలు. ఆమె మొదట అడిగినవన్నీ ప్రశ్నలే: పాలు మాన్పించి ఎన్నాళ్లయింది, మళ్లీ పిల్లలు కావాలనుకుంటున్నారా, ఏడాదిగా బరువు ఎలా ఉంది, షుగరు ఉందా, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా, అమ్మకు గానీ అక్కచెల్లెళ్లకు గానీ రొమ్ము క్యాన్సర్ వచ్చిందా. తర్వాత నేను ఊహించని పని చేశారు. స్తనాల కంటే ముందు నా సిజేరియన్ గీతను చూశారు. అది పదేళ్లు దాటినా లావుగా, ఎర్రగా ఉబ్బి ఉంటుంది. “అమ్మా, మీ చర్మం మచ్చను ఎలా మాన్పుకుంటుందో ఇది ముందే చెబుతోంది. పైనా ఇలాగే రావచ్చు. ఆకారం గురించి తర్వాత మాట్లాడుకుందాం” అన్నారు. మన ఛాయ చర్మాల్లో మచ్చలు ఉబ్బడం, కీలాయిడ్లు (గాయం హద్దు దాటి పెరిగే గట్టి మచ్చలు) రావడం తెల్ల చర్మాల కంటే ఎక్కువని, సిలికాన్ షీట్లు, జెల్ వాడితే కొంత అణగవచ్చని, పూర్తిగా మాయమవుతుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మవద్దని వివరించారు.

తర్వాత టేపుతో గొంతు కింది గుంట నుంచి చనుమొన వరకు రెండు వైపులా కొలిచారు. టైలరమ్మ కొలతే ఇక్కడా పనికొచ్చిందని నవ్వొచ్చింది. స్తనం కింది మడతతో పోలిస్తే చనుమొన ఎక్కడుందన్నదాన్ని బట్టి జారుడును మూడు స్థాయిలుగా చూస్తారట. మడతకు దాదాపు సమానంగా ఉంటే మొదటిది. మడత కంటే కిందికి దిగినా స్తనం అడుగు అంచుకు పైనే ఉంటే రెండోది. అన్నిటికంటే కిందికి దిగి నేల చూపు చూస్తుంటే మూడోది. నాది రెండోది. నల్ల మార్కరుతో నా ఒంటి మీదే గీసి, అద్దం ముందు నిలబెట్టి చూపించారు: తక్కువ జారితే చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం అంచున ఒక్క గీత, నాలాంటి వారికి దానితో పాటు కింది మడత వరకు నిలువు గీత, ఇంకా ఎక్కువైతే మడత వెంట అడ్డ గీత కూడా. గీతలు తుడిచేలోపు నేను చాలాసేపు అద్దంలో చూసుకున్నాను. కాగితం మీద బొమ్మ చూడటం వేరు, సొంత ఒంటి మీద ఆ గీతను చూడటం వేరు.

పాలివ్వడం వల్లే ఇలా జరిగిందని మా అమ్మ అంటుందని చెప్పాను. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో పాలివ్వడానికీ జారడానికీ సంబంధం కనిపించలేదని, వయసు, గర్భాల సంఖ్య, బరువు, పొగతాగే అలవాటు కారణాలుగా తేలాయని ఆమె చెప్పారు. గర్భంతో పాల గ్రంథులు ఉబ్బి చర్మాన్ని, లోపల స్తనాన్ని పట్టి ఉంచే కూపర్ లిగమెంట్లను సాగదీస్తాయి. పాలు మానాక గ్రంథి కుంచించుకుపోయినా చర్మం పూర్తిగా వెనక్కి రాదు. ఆ పైన వయసు. స్తనంలో కండరం లేదు కనుక ఛాతీ వ్యాయామాలతో అది పైకి లేవదని కూడా తేల్చేశారు. రెండేళ్లుగా డంబెల్స్ ఎత్తుతున్న నాకు ఆ మాట కాస్త చేదుగానే అనిపించింది.

లిఫ్ట్ అంటే ఉన్నదాన్ని పైకి సర్దడమే కానీ పైభాగంలో తగ్గిన నిండుదనాన్ని నింపడం కాదని, అది కావాలంటే ఇంప్లాంట్ (స్తనం లోపల అమర్చే కృత్రిమ సంచి) గానీ సొంత కొవ్వు గానీ వాడాలని చెప్పారు. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదని విన్నాక నేను వద్దన్నాను. ఆమె రెండోసారి అడగలేదు. శస్త్రచికిత్స పూర్తి మత్తులో రెండు మూడు గంటలు పడుతుంది, ఆరు వారాలు ప్రత్యేకమైన బ్రా, అప్పటిదాకా నీళ్ల బిందె లాంటి బరువులు ఎత్తకూడదు. చనుమొన స్పర్శ తగ్గవచ్చు లేదా పోవచ్చు, రెండు వైపులా కొంచెం తేడా మిగలవచ్చు, కుట్లు కలిసే చోట పుండు ఆలస్యంగా మానవచ్చు, అరుదుగా చనుమొనకు రక్తప్రసరణ దెబ్బతినవచ్చు. ఇవన్నీ నేను అడగకుండానే చెప్పారు. ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ కొంత జారుతుందని కూడా దాచలేదు.

ఎస్టిమేటు 1,60,000 రూపాయలు; దానిపై 18 శాతం జీఎస్టీతో 1,88,800. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా కాస్మెటిక్ సర్జరీకి అది వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపాన్నో గాయాన్నో సరిచేయడానికైతేనే వర్తిస్తుంది. ఇద్దరిని కని పెంచడం ఆ లెక్కలోకి రాదన్నమాట. ఆరోగ్య బీమా కూడా దీన్ని మినహాయింపుల జాబితాలోనే పెడుతుంది కనుక మొత్తం సొంత ఖర్చే. పన్నుతో కలిపిన అంకెను కాగితం మీద రాసిచ్చిన చోటు ఇదొక్కటే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకున్నా గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. బట్టలు మార్చుకునే చోట పల్చని తెర ఒక్కటే అడ్డు, అవతల వేరే పేషెంటు భర్త కూర్చుని ఉన్నాడు. సమ్మతి పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. నర్సు తెలుగులో ఓపికగానే వివరించింది కానీ, ఇలాంటి పత్రం మా అమ్మ వయసు వారికి వారి భాషలో చేతికివ్వాలి. వీటికి ఒక మార్కు తీసేసి ఐదుకు నాలుగు ఇస్తున్నాను.

గత ఏడాదిలో నేను తొమ్మిది కిలోలు తగ్గాను. బరువు ఆరు నెలలు ఒకే చోట నిలిస్తేనే కత్తి పడతానని, ఈలోపు మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకుని రమ్మని డాక్టరమ్మ పంపేశారు. అడ్వాన్సు అడగలేదు, తర్వాత ఫోనూ రాలేదు. మమోగ్రామ్‌లో ఏ తేడా లేదు. బరువు చీటీ ఫ్రిజ్ మీద అతికించుకున్నాను. రాత్రిళ్లు సిజేరియన్ గీతకు సిలికాన్ జెల్ రాస్తున్నాను, అది ఏమాత్రం అణుగుతుందో చూద్దామని.