చాప్టర్ 31 మేలా, జీఐ బిల్లు మేలా?

అమెరికా సైన్యంలో మోకాలు దెబ్బతిన్న మా పిన్ని కొడుకు బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికొచ్చాడు. రెయిలింగ్ పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, కూర్చోకుండానే ఇదే అడిగాడు. రెండూ అమెరికా మాజీ సైనికుల శాఖ ఇచ్చే సాయాలే: జీఐ బిల్లు చదువుకి, చాప్టర్ 31 వైకల్యమున్నవాళ్లు మళ్లీ ఉద్యోగంలో కుదురుకోవడానికి.

జీఐ బిల్లుకి వైకల్యంతో పనిలేదు. 2001 సెప్టెంబరు 11 నుంచి లెక్కేస్తే 90 రోజుల సర్వీసున్నా కొంత దక్కుతుంది. కోర్సు మనిష్టం.

చాప్టర్ 31 అలా కాదు. సర్వీసువల్ల వచ్చిన వైకల్యానికి ఆ శాఖ కనీసం 10 శాతం రేటింగ్, అంటే వైకల్యం ఎంతో చెప్పే అంకె, ఇచ్చి ఉండాలి. అదుంటే చాలదు, ఉద్యోగానికి ఆ వైకల్యం అడ్డమని శాఖ కౌన్సెలర్ తేల్చాలి. 10 శాతమే అయితే ఆ అడ్డు తీవ్రమైనదై ఉండాలి. కోర్సూ ఆయన ఒప్పుకోవాలి. కానీ ఫీజు, పుస్తకాలు, పనిముట్లు, ఉద్యోగం వెతకడంలో సాయం, అన్నీ అందులోనే.

వాడికి 30 శాతం. రోజంతా నిలబడే గోడౌన్ పని ఇక వాడివల్ల కాదు. ముందు చాప్టర్ 31కే పెట్టరా అన్నాను.